మూత వాసన

యంత్రం తిరుగుతోంది. ఇంకో గంట తిరుగుతుంది. ఆ గంటసేపూ ఈ స్టూలు మీంచి లేవకూడదు, గదిలోకి ఎవర్నీ రానివ్వకూడదు, ముఖ్యంగా ఆ అమ్మాయిని రానివ్వకూడదు అని మా ప్రయోగశాల పెద్దాయన చెప్పి వెళ్లాడు. ఆ అమ్మాయి బయట నడవలో బెంచీ మీద కూర్చుని ఉంది. తలుపుకి చిన్న గాజు ముక్క ఉంది, అందులోంచి ఆమె మోచెయ్యి ఒక్కటే కనిపిస్తోంది, ఆ మోచెయ్యి ఊరికే ఉండటం లేదు, అంటే గోళ్లు కొరుక్కుంటోందన్నమాట. ఆ అమ్మాయి మా ఆడపడుచు. ఈ సంగతి ఈ భవనంలో అందరికీ తెలుసు. మేమిద్దరం మాట్లాడుకోమని కూడా తెలుసు. ఒకే ఇంట్లోంచి బయల్దేరి, ఒకే బస్సెక్కి, నేను ముందు తలుపులోంచీ ఆమె వెనక తలుపులోంచీ దిగుతాం, చూసేవాళ్లకి భలే కాలక్షేపం. ఇంట్లో ఉప్పు అందుకోవాలన్నా మధ్యలో మా ఆయన ఉండాలి. మీ చెల్లెల్ని అడగండి, మీ ఆవిడకి చెప్పు అన్నయ్యా, ఇదీ వరస. పాపం ఆయన తింటున్నంతసేపూ అటు మాట ఇటూ ఇటు మాట అటూ మోసి మోసి, చివరికి తన కంచంలో ఉప్పు వేసుకోవడం మర్చిపోయి లేస్తాడు.

మొదట్లో నీళ్లని గిరగిరా తిప్పే ఈ సెంట్రిఫ్యూజ్ ఈల వేసినట్టు గోల పెడుతుంది, కాసేపటికి చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మానేశాక గదిలో మిగతావన్నీ వినిపిస్తాయి, కుళాయి చుక్క, పై అంతస్తులో కుర్చీ జరిపిన చప్పుడు, నడవలో ఎవరో ఆమెని ఏదో అడిగి జవాబు రాక వెళ్లిపోయిన చెప్పులు. ఈ కొలతల గది నా బాధ్యత. ఎవరేం తెచ్చినా కొలుస్తాను, వచ్చిన అంకె చెబుతాను, నచ్చినా నచ్చకపోయినా అదే. అందుకే నా దగ్గరకి నవ్వుతూ వచ్చినవాళ్లు మొహం వేలాడేసుకుని వెళ్తుంటారు. కొలిచేది నల్లటి నీళ్లు. వాటిలో కార్బన్ గొట్టాలుంటాయి, కంటికి ఆనవు, వెంట్రుకని నిలువునా వేలవేల పోగులుగా చీల్చగలిగితే ఒక్కో పోగు ఎంత ఉంటుందో అంత సన్నం. వాటి మానాన వాటిని వదిలేస్తే ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకట్టి అడుక్కి దిగిపోతాయి. విడివిడిగా ఉంచాలంటే పూత వెయ్యాలి. సబ్బులాంటి పదార్థం, దాని ఒక్కో అణువుకీ ఒక తోక, ఒక తల. తోక గొట్టాన్ని కరుచుకుంటుంది, తల నీళ్లలోకి చూస్తూ నిలబడుతుంది. ఆ తల మైనస్ అయితే గొట్టమంతా మైనస్సే, ప్లస్ అయితే ప్లస్సే, రెండూ కాని తలలతో కూడా పూతలున్నాయి, వాటి అంకె సున్నా చుట్టూ తచ్చాడుతుంది. ఒకే ఛార్జి ఉన్నవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి కాబట్టి దూరదూరంగా బతుకుతాయి. చిన్న అరలో ఆ నీళ్లు పోసి, రెండు వైపులా కరెంటు పెట్టి, ఎటు పరిగెడుతున్నాయో చూడటమే నా పని. ప్లస్ వైపు పరిగెడితే మైనస్, మైనస్ వైపు పరిగెడితే ప్లస్.

ఇదంతా ఒకసారి మామయ్యకి చెప్పాను. మామయ్యంటే మా ఆయన నాన్న, పోయిన చలికాలంలో పోయాడు. జీవితమంతా లిఫ్టులు బాగుచేసినవాడు. రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్లు నేను వచ్చేదాకా దేవుణ్ణి తలుచుకుంటారు, వచ్చాక నన్ను తిడతారు అనేవాడు. మంచం పట్టాక పొద్దు పోక నా ఆఫీసు కబుర్లు అడిగేవాడు. మరి ఆ లోపలి గొట్టానికి సొంతంగా ఏమీ ఉండదా, అని అడిగాడు. ఉంటుంది మామయ్యా, పూత మీంచి కొలిస్తే బయటికి తెలీదు, అన్నాను. అచ్చం నీలాగేనన్నమాట, అని దగ్గొచ్చేదాకా నవ్వాడు. నేను మంచినీళ్లు పట్టుకొచ్చాను. ఆయన అలా అన్నందుకు కోపం రాలేదు, ఎందుకో ఇప్పటికీ రాలేదు, అదే మాట ఆయన కూతురు ఇంకోలా అంటే మాత్రం ఇన్ని నెలలు మాట్లాడకుండా ఉన్నాను.

ఆమె అన్నది ఇదీ. మామయ్య పోయిన పొద్దున ఇంట్లో అందరూ గోడలకి ఆనుకుని ఏడుస్తుంటే నేను ఆయన మంచం మీద దుప్పటి తీసి ఉండచుట్టి నీళ్లలో వేస్తున్నాను. ఆమె ప్రయోగశాల నుంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. నీకిప్పుడు ఇంకా దుప్పట్లేనా కనిపించేది, నాన్న పోయాడే, కంట్లో నీటి చుక్క లేదే, నీ ఒంటికి ఏదీ అంటదా వదినా, అని అంది. అందరిముందూ అంది. అలా అనకే అని ఏ ఒక్కరూ అనలేదు, అత్తయ్య తల దించుకుంది, మా ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. నేను దుప్పటి పిండాను. జవాబు లేక కాదు. మామయ్య నాకో మాట చెప్పి ఉంచాడు, మంచం మీద ఏదైనా మరకపడితే వెంటనే తీసేయమ్మా, ఎవరి కంటా పడకూడదు, ముఖ్యంగా పిచ్చుక కంట పడకూడదు, అని. పిచ్చుకంటే ఈ అమ్మాయే, చిన్నప్పుడు నోరు ముయ్యకుండా వాగేదని ఆయన పెట్టిన పేరు. ఆ చివరి గంటలో పడ్డ మరక ఆమె వచ్చేలోపు తీసేయాలి, అంతే నా తొందర. అది చెప్పాలంటే మరక సంగతీ చెప్పాలి. చెప్పలేదు, ఇక చెప్పను కూడా.

మోచెయ్యి మాయమైంది. లేచిందేమో, నడుస్తోందేమో. మళ్లీ వచ్చింది. ఇవాళ ఆమె ఉద్యోగం సంగతి తేలుతుంది. ఉద్యోగమే కాదు, ఆమె మాట నిజమా కాదా అన్నది కూడా. ఆమె తయారుచేసిన కొత్త పూత గొట్టాల్ని నెలల తరబడి మైనస్‌గా ఉంచుతుందని అంకెలు చూపించింది. ఆ అంకెలు తీసినప్పుడు ఈ గదిలో నేను లేను, సెలవు పెట్టి మామయ్య మంచం దగ్గరున్నాను, కొలిచే యంత్రం ఆమే నడుపుకుంది. ఇప్పుడు నేను కొలిస్తే ప్లస్ వస్తోంది. ఒకసారి కాదు, తెచ్చిన ప్రతిసారీ ప్లస్సే. పోయిన వారం అందరూ కూర్చున్న గదిలో పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, మరి అప్పుడు చూపించిన మైనస్ ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా, అని మెత్తగా అడిగాడు. కల్పించావా అని నేరుగా అడిగినా అంత నొప్పి ఉండేది కాదు. ఆ రోజు బస్సులో వెనక సీట్లో ఆమె ఏడుస్తుంటే ముందు సీట్లోంచి వింటూ కూర్చున్నాను. ఇంట్లో అత్తయ్య నావైపు చూసిన చూపు చూడాలి, మెషిన్ నీ చేతిలోనే ఉంటుంది కదమ్మా అంది, అంత తీయగా అంది. అంటే నేనే తిప్పేశానని. నేను తిప్పితే తిరుగుతుందా, ఇదేమన్నా రేడియోనా.

అందుకని ఇవాళ ఆఖరి పరీక్ష. పెద్దాయన కళ్లెదుట ఆమె పెద్ద డబ్బాలోంచి తన సీసాలోకి నల్లనీళ్లు పట్టింది, ఆయన మూత మీద కాగితం అంటించి సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. ఇప్పుడిది ప్లస్ వస్తే ఆమె సాయంత్రానికి తాళంచెవి అప్పజెప్పి వెళ్లిపోవాలి, ఇక ఏ ప్రయోగశాలా ఆమెని గడప తొక్కనివ్వదు. నేను కాగితం చింపి, నీళ్లు సెంట్రిఫ్యూజ్ ట్యూబుల్లో పోసి, ముద్దలుంటే అడుక్కి పోవడానికి తిప్పుతున్నాను. ఖాళీ సీసా నా ముందుంది. పక్కన మూత. మూత లోపల రబ్బరు చుట్టు. ఆ సీసా ఆమెదేనని ఎవరైనా చెబుతారు, మిగతావాళ్లు ఇక్కడి తొట్టిలోనే కడుక్కుంటారు, ఆమె మాత్రం సీసాలన్నీ భోజనం సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లి కడుగుతుంది. పదిమంది చేతులు పెట్టే తొట్టి అట, ఇక్కడి సబ్బుకి చేతులు పగులుతాయట. శుభ్రం విషయంలో ఆమె చాదస్తం అత్తయ్య చాదస్తం కంటే ఎక్కువ. అత్తయ్యది ఇంకో రకం, ఏదీ పారబోయలేదు, ఏ సీసా అడుగున ఏం మిగిలినా తెచ్చి గిన్నెల సబ్బులో కలిపేస్తుంది.

మూత చేతిలోకి తీసుకుని వాసన చూశాను. ఇక్కడ ఏదీ వాసన చూడకూడదు, గోడ మీద బొమ్మ వేసి మరీ పెట్టారు, కానీ నా ముక్కు నా మాట వినదు, పెరుగైనా పుస్తకమైనా ముందు ముక్కుకే వెళ్తుంది. సీసాకి వాసన లేదు. మూతకి ఉంది. కొంచెమే. ఇది ఈ భవనంలో వాసన కాదు. ఇక్కడివన్నీ ఘాటుగా ముక్కులో గుచ్చుతాయి, ఇది మెత్తగా ఉంది, పూల వాసన అనిపించేట్టు ఎవరో తయారుచేసిన వాసన, ఎండలో ఆరిన బట్టల్లో చివరికి మిగిలేది. ఎక్కడ? బస్సులో కాదు. మా గదిలో కాదు. మళ్లీ వాసన చూశాను. చలి, కిటికీ మూసి ఉంది, హీటరు ఎర్రగా ఉంది, ఉన్ని దుప్పటి చిటచిటలాడుతోంది. మామయ్య చర్మం అప్పటికి ఉల్లిపొరలా అయిపోయింది. దుప్పటి లాగితే చాలు చిన్న చిన్న నిప్పురవ్వలు, ఆయన ఉలిక్కిపడేవాడు, వైరింగు ఎక్కడో షార్టయిందే, మెయిన్ ఆపు, అనేవాడు నిద్రలో. నాకు నవ్వొచ్చేది, గుండె తరుక్కుపోయేది కూడా. అప్పుడు బజారుకెళ్లి బట్టల కండిషనర్ తెచ్చాను, నీలం సీసా, ఆఖరి జాడింపులో ఒక మూత పోస్తే బట్ట మెత్తబడుతుంది, చిటచిటలు పోతాయి. ఏం మంత్రం వేశావే అని అడిగాడు. మంత్రం కాదు మామయ్యా, అదీ పూతే, ప్లస్ తలలున్న అణువులు వెళ్లి పోగుల్ని పట్టుకుంటాయి, పట్టుకుని కాస్త తడి నిలుపుతాయి, ఛార్జి ఒకచోట పోగుపడకుండా జారిపోతుంది, అన్నాను. దుప్పటిక్కూడా చదువు చెప్పావా, అన్నాడు. రోజూ దుప్పటి మార్చేదాన్ని. రోజూ ఈ వాసనే. ఆయన మొహం దానికి ఆనించి, బాగుందమ్మా, చల్లగా ఉంది, అనేవాడు.

ప్లస్ తలలు.

ఆగు. నీలం సీసా ఏమైంది? ఆయన పోయాక చాలా రోజులు అలమారులోనే ఉంది, సగానికి పైన ఉంది, నేను అటు చూడకుండా బట్టలు ఉతుక్కునేదాన్ని. ఒకరోజు చూస్తే లేదు. అత్తయ్య పారేసిందనుకున్నాను, పోనీలే అనుకున్నాను. అత్తయ్య పారేస్తుందా? ఈ జన్మలో పారేస్తుందా? గిన్నెల సబ్బు ఈ మధ్య తెల్లగా మజ్జిగలా తయారైంది, నురగ రావడం లేదు, కొట్టువాడు నీళ్లు కలుపుతున్నాడని అత్తయ్య వాడిమీద ఒంటికాలి మీద లేచింది. కొట్టువాడు ఏమీ కలపలేదు. గిన్నెల సబ్బు మైనస్, అందులో ఇంత ప్లస్ తెచ్చి పోస్తే రెండూ కరుచుకుని విరిగిపోతాయి, నురగ చచ్చిపోతుంది, పోసింది ఎక్కువైతే మిగిలేది ప్లస్సే. కంచాలు కడిగాక కూడా వేళ్లకి జిడ్డుగా జారుతుంటే నేను కుళాయిని తిట్టాను. నేను! రోజంతా ఈ ప్లస్సులూ మైనస్సులూ చూసి జీతం తీసుకునేదాన్ని, మా సింకులో మా గిన్నెల మధ్య ఇదంతా జరుగుతుంటే కుళాయిని తిట్టాను. అదే సబ్బులో మా ఆడపడుచు రోజూ తన సీసాలు నానబెట్టి, తోమి, పదిసార్లు జాడించింది. గాజు మైనస్. ఎంత జాడించినా ప్లస్ తలలు గాజుని వదలవు, రబ్బరు చుట్టైతే పీల్చుకుని కూర్చుంటుంది. అందులో పలచటి నల్లనీళ్లు పోస్తే గొట్టాల మైనస్ మీద ప్లస్ ఎక్కి కూర్చోదూ? అప్పట్లో మైనస్ వచ్చింది ఎందుకంటే అప్పటివి కొత్త సీసాలు, సబ్బులోనూ ఇది ఇంకా కలవలేదు. ఆమె అబద్ధమాడలేదు. గొట్టాలు బాగానే ఉన్నాయి, పూతా బాగానే ఉంది.

యంత్రం తిరుగుతోంది. మోచెయ్యి కదలడం లేదు. నాకు తెలిసిందని ఎవరికీ తెలీదు. ఇది తమాషాగా ఉంది. నేను చెయ్యాల్సింది ఏమీ లేదు, చేతికిచ్చినది కొలవడమే, కొలిస్తే ప్లస్ వస్తుంది, ప్లస్ అని చెబుతాను, అది నిజమే, అక్షరాలా నిజం. ఒక్క అబద్ధం ఆడక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు, నోరు మూసుకోవడం నాకొచ్చినంత బాగా మా ఇంట్లో ఎవరికీ రాదు. రేపట్నించి బస్సులో వెనక సీటు ఖాళీ. అందరిముందూ ఆమె నన్నొక మాట అంది, అందరిముందూ పెద్దాయన ఆమెనొక మాట అన్నాడు, చెల్లుకి చెల్లు. కోపం పోయిందనుకున్నాను గాని పోలేదు, ఇక్కడే ఉంది. ఇంకోవైపు, చెబితే మాత్రం ఏమంటారు, ఆడపడుచుని కాపాడుకుంటోంది అంటారు, మూత వాసన చూసి తేల్చిందట అని క్యాంటీన్‌లో పకపకా నవ్వుతారు. గడియారం చూశాను. మూత ఇంకా ముక్కు దగ్గరే ఉంది. అది అక్కడ ఉన్నంతసేపూ మామయ్య గది పోదు, బాగుందమ్మా చల్లగా ఉంది అన్న మాట పోదు. ఆ అలమారులోంచి నీలం సీసా పోయాక ఇక ఎక్కడా దొరకదనుకున్నాను, కొత్తది కొనుక్కోవచ్చు, కొనుక్కుంటే అది బట్టల కండిషనరే అవుతుంది. ఇదిగో ఇక్కడికొచ్చింది, ఆయన కూతురు సీసా మూతలోకి. నాకాయన కావాలి. ఎవరేమనుకున్నా సరే, ఆ ముసలాయన మళ్లీ నాకు కావాలి. ఆయన పిచ్చుక బయట గోళ్లు కొరుక్కుంటోంది, రక్తం వచ్చేదాకా కొరుకుతుంది, చిన్నప్పుడు ఆ గోళ్లకి చేదు వేపాకు రాసేవాడినని మామయ్య చెప్పాడు.

ఆపే బొత్తాం నొక్కాను. నొక్కగానే ఆగదు ఇది, తన పై తలుపు తెరవనివ్వదు, ఈల నెమ్మదిగా కిందికి దిగుతుంది, దిగుతూ దిగుతూ చెవికి మళ్లీ వినిపిస్తుంది. నడవలో కూర్చున్నామెకీ వినిపించి ఉంటుంది, గంట కాకుండానే ఆగుతోందంటే ఏదో జరిగిందని తెలుసు కదా, గాజు ముక్కలో మోచెయ్యి పోయి మొహం వచ్చింది. ఎంత చిక్కిపోయింది. ఒకే ఇంట్లో ఉంటూ చూడలేదు నేను. లేచి తలుపు తీశాను.

"లోపలికి రా, పిచ్చుకా" అన్నాను.

ఆమె ఇటూ అటూ చూసింది. ఆ పేరు నేను పిలిచి ఎన్నాళ్లయిందో. "సార్ రావద్దన్నారు" అంది.

"సార్‌కి నేను చెబుతాలే. ఇది వాసన చూడు."

"ఏంటది?"

"చూడవే ముందు."

మూత అందుకుంది. అనుమానంగా ముక్కు దగ్గర పెట్టుకుంది, నావైపే చూస్తోంది, ఇదేం వేళాకోళమో అన్నట్టు. రెండోసారి కళ్లు మూసుకుని పీల్చింది. ఆ తర్వాత ఆమె మొహంలో ఏం జరిగిందో నేను చెప్పలేను, కొలిచే పని అయితే చెప్పేదాన్ని.

"నాన్న" అంది.

"మీ అమ్మ ఆ నీలం సీసా తెచ్చి గిన్నెల సబ్బులో పోసేసింది" అన్నాను. "ఎప్పుడో తెలీదు. సబ్బు విరిగింది చూడు, అప్పుడే."

ఒక్క క్షణం పట్టింది. తెలివైనదే, ఆ విషయంలో వంక పెట్టలేం. "ప్లస్" అంది. "అయ్యో వదినా. నా సీసాలు. అన్నీ దాన్లోనే నానబెట్టాను." అంటూ అక్కడే నా స్టూలు మీద కూలబడింది.

పెద్దాయనకి ఫోన్ చేశాను. వచ్చాడు, వస్తూనే మొహం చిట్లించాడు, గదిలో ఆ అమ్మాయేంటి, యంత్రం ఎందుకు ఆగింది, రూలు అనేది ఒకటుంది కదా అన్నాడు. "ఉంది సార్, సీసా కూడా నమూనాలో భాగమే అని మనమే రాసుకున్నాం" అన్నాను. జరిగింది చెప్పాను, గిన్నెల సబ్బు దగ్గర ఆయనకి నవ్వొచ్చినట్టుంది, ఆపుకున్నాడు. "మీ ఇంటి విషయం కదమ్మా ఇది, నేనెలా నమ్మను?" అన్నాడు. "నమ్మొద్దు సార్. మీరే పట్టండి" అన్నాను. పెట్టె కోసి కొత్త సీసా ఆయన చేతికే ఇచ్చాను, డబ్బాలోంచి నల్లనీళ్లు ఆయనే పట్టాడు, అవీ, పాత సీసాలోంచి ముందే పోసినవీ పక్కపక్కన పెట్టి తిప్పాం. ముగ్గురం ఆ గంటసేపూ నిలబడే ఉన్నాం. ముందు పాతవి కొలిచాను, ప్లస్. అర మార్చాను, కొత్తవి పోశాను, కరెంటు పెట్టాను. అంకె కదులుతూ కదులుతూ నిలబడింది. దాని ముందు చిన్న గీత, స్పష్టంగా ఉంది.

"మైనస్సే సార్" అన్నాను. నా గొంతు రోజూలాగే ఉంది.

పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చూశాడు. ఆ అమ్మాయి వైపు తిరిగి, పొరపాటు మాట అన్నానమ్మా, అందరిలోనూ అన్నాను కాబట్టి అందరిలోనే చెబుతాను, అన్నాడు. ఆమె తలూపింది గాని విన్నట్టు లేదు, తెర వైపు కూడా చూడలేదు. ఆయన వెళ్లాక నేను బల్ల సర్దడం మొదలుపెట్టాను, అరలు తీసి, పాత సీసా తీసి, కడగాల్సినవన్నీ పళ్లెంలో పెట్టి, అలవాటుగా ఆమెవైపు చెయ్యి చాపాను.

"మూత ఇటివ్వు. ఇక్కడి సబ్బుతో కడిగి పెడతాను."

ఆమె పిడికిలి విప్పలేదు. వెనక్కి పెట్టుకుంది.

"కడక్కు వదినా" అంది.